డ్యూటీ రిలీఫ్ ఎవరి సొత్తు?

యూనియన్ నాయకుడంటే బస్సెక్కకుండా జీతం తీసుకునేవాడన్న మాట మన మధ్యతరగతి నోట చాలాకాలంగా నలుగుతోంది. చారిత్రకంగా ఈ మాటకు ఆధారమెంతో చూడవలసి ఉంది.

1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యేనాటికే మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీ ఉద్యోగం వదిలేశాడు. సంఘం పని కావాలంటే జీతం పోవలసిన రోజులవి. ఆయనంటే కవి, పార్టీ మనిషి. పిల్లలు గల డ్రైవరు అట్లా వదులుకోగలడా? ఆ కొరతను చాలాకాలం బయటి నాయకులే తీర్చారు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కార్యవర్గంలో సగం మందైనా ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లే ఉండాలంది. 2001 సవరణ బయటివాళ్లను మూడోవంతుకు లేదా ఐదుగురికి, ఏది తక్కువైతే దానికి, కుదించింది. బయటివాడు వద్దన్నారు, బాగానే ఉంది. కాని లోపలివాడికి తెల్లవారకముందే సర్వీసు ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో ఒక కండక్టరుకు ఛార్జిషీటు ఇచ్చారనుకుందాం. విచారణ పగటిపూట. అతని తరఫున మాట్లాడవలసినవాడు ఆ సమయానికి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ట్రాఫిక్ మధ్య స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు. డ్యూటీ రిలీఫ్ పుట్టింది ఈ చిక్కులోంచే. 1971లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 143వ సిఫార్సులో చెప్పిందీ ఇదే: ప్రతినిధికి జీతం కోత లేకుండా సమయం ఇవ్వాలని. కనుక ఆ గంటలు నాయకుడివి కావు, ఛార్జిషీటు అందుకున్నవాడివి.

2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా, 52 రోజులు, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. ప్రభుత్వంలో విలీనం వారి ప్రధాన కోరిక. అది నెరవేరలేదు. మెట్రోలో కిక్కిరిసి వేలాడుతూ నాయకుల్ని తిట్టినవాళ్ల మాటలు నేనూ విన్నాను. వాళ్ల అవస్థ అబద్ధం కాదు. సమ్మె ముగిశాక యాజమాన్యం నాయకుల డ్యూటీ రిలీఫ్ రద్దు చేసి బస్సులెక్కమంది. డిసెంబరు 1న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కార్మికులను పిలిచి, పదవీ విరమణ వయసు 60కి పెంచుతున్నామని వరమిస్తూనే, రెండేళ్లపాటు యూనియన్లు వద్దన్నారు. వాటి స్థానంలో డిపోకో సంక్షేమ కమిటీ. సంఘాన్ని నిషేధించడం కంటే దాని సమయాన్ని లాక్కోవడమే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. నిషేధంమీద కోర్టుకు వెళ్లవచ్చు. సమయం పోతే కోర్టుకు వెళ్లే మనిషే బస్సుమీద ఉంటాడు.

నిప్పు ఆర్పేవాళ్ల సంగతి ఇంకా కఠినం. మన దగ్గర అగ్నిమాపక శాఖ హోంశాఖ కింద ఉంది. జపాన్‌లోనైతే ఫైర్ సిబ్బందికి సంఘం పెట్టుకునే హక్కే నిరాకరించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పదేపదే ఆక్షేపించాక, 1995లో చట్టం సవరించి సిబ్బంది కమిటీలు చాలన్నారు. మన డిపో కమిటీకి అన్నగారన్నమాట! అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఫైర్ సిబ్బంది సంఘానికి ఒప్పందం ప్రకారం ఏటా 5,600 గంటల జీతపు సెలవు ఉండేది. ఇది ప్రజాధనాన్ని దానం చెయ్యడమేనని పన్ను చెల్లించేవాళ్లు కొందరు కేసు వేశారు. 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు దానం కాదని తేల్చింది. సంఘం అంటే పెద్దగా గిట్టని రాష్ట్రం అది. అక్కడ ఆ గంటలు ఒప్పందంలో రాసి ఉన్నాయి, కనుక కోర్టు చదవడానికి ఒక కాగితమైనా ఉంది. ఇక్కడ రిలీఫ్ గుర్తింపు పొందిన సంఘానికి దక్కే సౌకర్యం. 2016లో గెలిచిన సంఘం గడువు తీరాక, సమ్మెనాటికి గుర్తింపు ఎన్నికలే జరగలేదు.