పిస్టల్‌పై రెడ్ డాట్ సైట్.. దానికి మళ్లీ కవర్ ఎందుకు? తీయడం మర్చిపోతే ఏమవుతుంది?

రీల్స్, షార్ట్స్‌లో అమెరికా షూటింగ్ రేంజ్ వీడియోలు చూసేవారు గమనించే ఉంటారు. పిస్టల్ పైన, వెనకవైపు చిన్న గాజు కిటికీ లాంటిది ఒకటి ఉంటుంది. అదే రెడ్ డాట్ సైట్. కొన్ని వీడియోల్లో దానికి నల్లటి రబ్బర్ టోపీ కూడా కనిపిస్తుంది. చూడ్డానికి కెమెరా లెన్స్ క్యాప్ లాంటిదే. కానీ డ్యూటీలో ఉన్న పోలీసుకు ఆ టోపీ ఉండాలా వద్దా, ఉంటే ఏ రకం అన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

అసలు చుక్క ఎక్కడి నుంచి వస్తుంది?

చాలామంది దీన్ని లేజర్ అనుకుంటారు. కాదు. లేజర్ అయితే వెలుగు ఎదుటివారి మీద పడుతుంది. రెడ్ డాట్‌లో చుక్క కాల్చేవారి కంటికే కనిపిస్తుంది. సైట్ అడుగున ఉన్న చిన్న ఎల్ఈడీ ముందున్న వంపు గాజు మీదకు కాంతిని పంపుతుంది. గాజు మీది పూత ఆ కాంతిని వెనక్కి, అంటే కంటి వైపు తిప్పుతుంది. మామూలు పిస్టల్‌పై ముందు ఒకటి, వెనక ఒకటి ఉండే ఇనుప సైట్లను లక్ష్యంతో ఒకే వరుసలోకి తేవాలి. ఇక్కడ ఆ పని లేదు. చూపు లక్ష్యం మీదే పెట్టి, చుక్క దాని మీద పడిందా లేదా చూసుకుంటే చాలు.

ట్రిజికాన్ కంపెనీ ఆర్ఎంఆర్ మోడల్ 2009లో వచ్చింది. 2015లో గ్లాక్ ఫ్యాక్టరీ నుంచే సైట్ బిగించేందుకు వీలున్న ఎంఓఎస్ పిస్టళ్లను తెచ్చింది. ఆ తర్వాత ఇవి పోలీసు విభాగాల్లోకి బాగా వెళ్లాయి.

వాన చుక్క పడితే చాలు..

ఆర్ఎంఆర్ లాంటివాటిని ఓపెన్ ఎమిటర్ అంటారు. ఎల్ఈడీకి, గాజుకి మధ్య ఖాళీ అంతా బయటికి తెరిచే ఉంటుంది. అసలు ఇబ్బంది ఇక్కడే. ఎల్ఈడీ మీద ఒక్క నీటి చుక్క నిలిచినా చుక్క చెదిరి మరకలా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. వానలో బైక్ నడిపేటప్పుడు హెల్మెట్ అద్దం మీద ఎదురు బండి లైటు ఎలా చెదురుతుందో గుర్తు తెచ్చుకోండి, దాదాపు అలాగే. మఫ్టీలో చొక్కా లోపల పిస్టల్ పెట్టుకునేవారికి వాన అక్కర్లేదు. చెమట, బట్టల నూగు చాలు.

రబ్బర్ లేదా ప్లాస్టిక్ టోపీ దుమ్మును, గీతలను బాగానే ఆపుతుంది. ఇంకో లాభమూ ఉంది. వెలుతురును బట్టి చుక్క కాంతిని తనే మార్చుకునే మోడళ్లలో, కవర్ వేస్తే సెన్సర్ చీకటి అనుకుని కాంతి తగ్గిస్తుంది, బ్యాటరీ ఆదా అవుతుంది. ఆర్ఎంఆర్ పాత మోడళ్లలో బ్యాటరీ అడుగున ఉంటుంది. మార్చాలంటే సైట్ మొత్తం ఊడదీయాలి, మళ్లీ బిగించాక గురి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. కాబట్టి ఆ ఆదా చిన్నదేం కాదు. సోలార్ ప్యానెల్ ఉన్న సైట్లకు మాత్రం కవర్ వేస్తే ఎండ అందదు, భారమంతా బ్యాటరీ మీదే.

మరి డ్యూటీలో?

ఆపద వచ్చినప్పుడు ముందు టోపీ పీకి, తర్వాత గురి చూసేంత టైమ్ ఉండదు. అందుకే విడి టోపీలు బీరువాకి, ప్రయాణానికి, రేంజ్‌కి వెళ్లే బ్యాగుకి పనికొచ్చేవే. డ్యూటీకి సరైన దారి హోల్‌స్టర్‌కే మూత ఉండటం. సఫారీల్యాండ్ లాంటి కంపెనీల హోల్‌స్టర్లలో సైట్‌ను కప్పే హుడ్ ఉంటుంది. పిస్టల్ తీసేటప్పుడు బొటనవేలితో హుడ్‌ను ముందుకు తోస్తారు. కవర్ తీయడం, గన్ తీయడం ఒకే కదలిక. అయితే అది సీల్ వేసిన డబ్బా కాదు, పిస్టల్ బయటికి వచ్చాక వాన వానే.

ఈ తలనొప్పికి ఇంకో జవాబు క్లోజ్డ్ ఎమిటర్. 2019లో వచ్చిన ఎయిమ్‌పాయింట్ ఆక్రో ఇలాంటిదే. ముందు, వెనక రెండు గాజులు, మధ్యలో మూసేసిన ఎల్ఈడీ. బయటి గాజు తడిసినా వేలితో తుడిస్తే చుక్క వచ్చేస్తుంది. సైజు, బరువు మాత్రం కాస్త ఎక్కువ.

ముందు గాజు మూసుకుపోతే గురి కుదరదా?

ఆశ్చర్యంగా, కుదురుతుంది. గాజు ముందు వైపు బురద పడినా, టేప్ అంటించినా, ఎల్ఈడీ నుంచి గాజుకు దారి ఉంటే కంటికి చుక్క కనిపిస్తుంది. రెండు కళ్లూ తెరిచి ఉంచితే ఒక కన్ను చుక్కను, రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తాయి. మెదడు రెండింటినీ కలిపేస్తుంది. శిక్షణలో కావాలనే టేప్ అంటించి దీన్ని సాధన చేయిస్తారు. దగ్గరి దూరాలకు సరిపోతుంది, దూరం పెరిగేకొద్దీ గురి పక్కకు జరగొచ్చు. సైట్ మొత్తాన్ని కప్పే టోపీ వేసి ఉంటే మాత్రం ఈ కిటుకు పనిచేయదు. చుక్కా ఉండదు, వెనకున్న ఇనుప సైట్లూ కనిపించవు.

శుభ్రం చేసే ముందు పిస్టల్ ఖాళీ చేయాలి, ఛాంబర్ కూడా చూడాలి. దుమ్ము ఉండగానే పొడిగుడ్డతో రుద్దితే గాజు పూత గీతలు పడుతుంది. ముందు గాలి ఊది, బ్రష్‌తో దులిపి, ఆపైనే మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి.

ఇక మన మను భాకర్, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే ఒలింపిక్ పిస్టల్ పోటీల్లో ఈ గొడవే లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం అక్కడ ఓపెన్ సైట్లే వాడాలి, రెడ్ డాట్ నిషేధం. ఆ ఓపెన్ సైట్లకు కవర్ తొడిగినా ఒప్పుకోరు.