వన్‌రాజ్ భాటియా: ఆర్కెస్ట్రా లేని దేశంలో స్వరకర్త

వన్‌రాజ్ భాటియా (1927–2021) అనగానే చాలామందికి శ్యామ్ బెనెగల్ సినిమాలు గుర్తొస్తాయి. నిజానికి ఆయన సినిమాల కోసం సంగీతం నేర్చుకున్న మనిషి కాదు.

బొంబాయిలో, కచ్ మూలాలున్న గుజరాతీ కుటుంబంలో పుట్టారు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి 1954లో స్వర్ణపతకం అందుకున్నారు. ఆ తర్వాత పారిస్‌లో నాదియా బూలాంజే దగ్గర శిష్యరికం. ఏరన్ కోప్లండ్ మొదలు ఫిలిప్ గ్లాస్ దాకా ఎందరో స్వరకర్తలకు ఆవిడే గురువు.

1959లో తిరిగొచ్చేసరికి చేతిలో విద్య ఉంది, వాయించేవాళ్లు లేరు. మన కృతి ఒక్క గొంతులోనైనా బతుకుతుంది. సింఫనీ అలా కాదు. పదుల కొద్దీ వాద్యకారులు ఎవరి స్వరలిపి వారు ముందు పెట్టుకుని కలిసి వాయిస్తే తప్ప రచన వినబడదు. మన దేశంలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా, ముంబైలోని సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, 2006లో గాని ఏర్పడలేదు. అప్పటికి భాటియాకు దాదాపు ఎనభై ఏళ్లు.

అందుకే ప్రకటనల్లోకి వెళ్లారు. లిరిల్ సబ్బు ట్యూన్ ఆయనదే. మధ్యలో 1960 నుంచి 1965 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య సంగీతశాస్త్రం బోధించారు. 1974లో వచ్చిన ‘అంకుర్’ ఆయన తొలి కథాచిత్రం. తెలంగాణ పల్లెలో భూస్వామ్యం మీద తీసిన ఆ సినిమా తర్వాత ‘మంథన్’, ‘భూమిక’, ‘జునూన్’ వరసగా వచ్చాయి. ‘తమస్’కు జాతీయ అవార్డు దక్కింది.

1988లో దూరదర్శన్‌లో ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైనప్పుడు వినబడిన ఋగ్వేద సూక్తం చాలామందికి ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. స్వరపరిచింది ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. వేదమంత్రాన్ని బృందగానంగా మలచడంలో లండన్, పారిస్ చదువు అక్కరకొచ్చింది. ఇది నా అభిప్రాయమే గానీ, ఆయన నేర్చిన రెండు సంగీతాలూ అతుకు కనబడకుండా కలిసింది అక్కడే.

1989లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2012లో పద్మశ్రీ వచ్చాయి. పియానో, గాత్ర బృందాల కోసం రాసిన స్వంత రచనలు మాత్రం కచేరీల్లో అరుదుగానే వినిపించాయి. గిరీశ్ కర్నాడ్ నాటకం ఆధారంగా ‘అగ్నివర్ష’ ఒపెరా రాస్తే, దాని మొదటి అంకం ప్రదర్శన జరిగింది న్యూయార్క్‌లో.

2019లో, చేతిలో డబ్బు లేక ఇంట్లో సామాను అమ్ముకుంటున్నారని పత్రికలు రాశాయి. 2021 మే 7న ముంబైలో, 93వ ఏట కన్నుమూశారు.