దీర్ఘకాలిక వీసాదారులకు బ్యాంకు ఖాతా: నిబంధనలు, ఇబ్బందులు

ఢిల్లీలోని మజ్నూ కా టీలా, ఆదర్శ నగర్ ప్రాంతాల్లో పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన హిందూ కుటుంబాలు అనేక సంవత్సరాలుగా నివసిస్తున్నాయి. వీరిలో పౌరసత్వం ఇంకా లభించని వారికి దీర్ఘకాలిక వీసాయే నివాస హక్కుకు ఆధారం. కూలి సొమ్ము దాచుకోవాలన్నా, చిరు వ్యాపారంలో డిజిటల్ చెల్లింపులు స్వీకరించాలన్నా బ్యాంకు ఖాతా తప్పనిసరి. ఆ ఖాతా సైతం ఈ వీసాతోనే ముడిపడి ఉంది.

సాధారణ విదేశీయులకు

ఉద్యోగం నిమిత్తం 180 రోజులకు మించిన వీసాపై వచ్చేవారు సాధారణంగా 14 రోజుల్లోగా విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలో నమోదు కావాలి. 2018 నుంచి ఈ ప్రక్రియ ఆన్‌లైన్‌లో సాగుతోంది. ఉద్యోగార్థం వచ్చినవారిని విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం భారత నివాసులుగా పరిగణిస్తుంది కనుక వారు సాధారణ పొదుపు ఖాతా తెరవవచ్చు. పర్యాటకులకు ఆరు నెలలకు మించని ఎన్‌ఆర్‌వో ఖాతా మాత్రమే లభిస్తుంది.

దీర్ఘకాలిక వీసాదారులకు

పాకిస్తాన్ జాతీయులు ఖాతా తెరవడానికి రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి అవసరం. అయితే పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌లకు చెందిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవ మైనారిటీ వీసాదారులకు కేంద్రం 2016లో కొన్ని వెసులుబాట్లు కల్పించింది. బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, స్వయం ఉపాధి వాటిలో ఉన్నాయి. వీసా కాలపరిమితిని ఒక్కసారికి ఐదేళ్లకు పెంచారు. 2018 నవంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు సవరించి, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మైనారిటీలు ఒకే ఒక ఎన్‌ఆర్‌వో ఖాతా తెరిచేందుకు అనుమతించింది. వీసా దరఖాస్తు పరిశీలనలో ఉన్నవారికీ ఈ అవకాశం వర్తిస్తుంది.

ఇబ్బందులు ఎక్కడ?

గడువు తీరిన పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం లేని నివాసం ప్రధాన ఆటంకాలు. విదేశీయులకు ఇచ్చే ఆధార్ వీసా గడువు వరకే చెల్లుతుంది. అందువల్ల వీసా పొడిగింపు ఆలస్యమైతే కేవైసీ వివరాల నవీకరణ నిలిచిపోయి, లావాదేవీలకు అంతరాయం కలగవచ్చు. 2016 నాటి స్వేచ్ఛా సంచార సౌకర్యం నివసిస్తున్న రాష్ట్రానికి లేదా కేంద్రపాలిత ప్రాంతానికే పరిమితం. 

1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ జారీచేసే గుర్తింపు కార్డు బ్యాంకుల అధికారిక పత్రాల జాబితాలో లేదు. దీంతో దీర్ఘకాలిక వీసా లేని ఆఫ్ఘన్, మయన్మార్ శరణార్థుల పరిస్థితి మరింత క్లిష్టంగా ఉంది.

పౌరసత్వంతో మార్పు

పౌరసత్వ సవరణ చట్టం నిబంధనలు 2024 మార్చి 11న వెలువడ్డాయి. అదే ఏడాది మే 15న ఢిల్లీలో తొలి విడతగా 14 మందికి ధ్రువపత్రాలు అందాయి. 2014 డిసెంబరు 31లోగా దేశంలో ప్రవేశించినవారికే ఈ చట్టం వర్తిస్తుంది. పౌరసత్వం లభించిన వెంటనే ఎన్‌ఆర్‌వో ఖాతా సాధారణ ఖాతాగా మారుతుంది.

ఖాతా సంబంధిత ఫిర్యాదును తొలుత బ్యాంకుకు లిఖితపూర్వకంగా సమర్పించాలి. 30 రోజుల్లో పరిష్కారం లభించకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.