ఊరి సంఖ్య, కేంద్రం సంఖ్య: నెల్లూరు తీరపు టెలిఫోను చిరునామాలు

నెల్లూరుకు 0861, కావలికి 08626, గూడూరుకు 08624, సూళ్ళూరుపేటకు 08623. ఎస్టీడీ సంఖ్య ఊరిని తెలుపుతుంది. పాత పాలనా పరిధిని కూడా నిలుపుకొంటుంది. 2022లో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో చేరినా దాని సంఖ్య తిరుపతి 0877లో కలవలేదు.

అయితే ఎక్స్ఛేంజీలు ఒకదానినొకటి గుర్తించేది ఈ సంఖ్యతో కాదు. 1980లో అంతర్జాతీయ సంస్థ సీసీఐటీటీ ప్రమాణీకరించిన ఏడవ సంకేత వ్యవస్థలో ప్రతి కేంద్రానికీ 14 బిట్ల పాయింట్ కోడ్ ఉంటుంది. ఒక నెట్‌వర్క్‌లో ఇటువంటివి 16,384 సాధ్యం. కాల్ కోరే సందేశం లోపల డయల్ చేసిన అంకెలుంటాయి. దాని శీర్షభాగంలో పంపిన కేంద్రం, అందుకోవలసిన కేంద్రం కోడ్‌లుంటాయి. కాల్ మధ్యలో మరో ఎక్స్ఛేంజీ మీదుగా సాగితే ఈ రెండు కోడ్‌లూ మారతాయి. ఉత్తరంపై చిరునామా ఒక్కటే అయినా, తపాలా సంచిపై చీటీ మజిలీ మజిలీకీ మారినట్లే ఇదీ.

డైరెక్టరీలు చందాదారుల సంఖ్యలనే భద్రపరచాయి. పాయింట్ కోడ్ చందాదారునికి కనిపించదు. అది ఎక్స్ఛేంజీ పట్టికలకే పరిమితం. కేవలం డైరెక్టరీల ఆధారంగా రాసిన టెలిఫోను చరిత్ర ఊళ్ళను చూపుతుంది గాని, వాటి మధ్య మార్గాలను చూపలేదు. పాత ఎక్స్ఛేంజీలను తొలగించేటప్పుడు వాటి మార్గ పట్టికలను కూడా చారిత్రక ఆధారాలుగా భద్రపరచవలసి ఉంది.