సంధికాలంలో న్యాయవ్యవస్థకు మానవ హక్కుల శిక్షణ: హైదరాబాద్ రాజ్యం నుంచి జహీరాబాద్ దాకా

ఒక పాలన పోయి మరొకటి కుదురుకునే కాలంలో, పాత చట్టాల నీడన తయారైన న్యాయమూర్తులు, న్యాయవాదులు కొత్త రాజ్యాంగం ఇచ్చిన హక్కులను కోర్టులో అమలు చేయడం ఎలాగో నేర్చుకోవడమే సంధికాలపు మానవ హక్కుల శిక్షణ. 1990 తర్వాత తూర్పు ఐరోపా, దక్షిణాఫ్రికా వంటి చోట్ల ఈ శిక్షణ ఒక పెద్ద అంతర్జాతీయ కార్యక్రమంగా ఎదిగింది. తెలుగు నేల మీద మాత్రం ఇదే అవసరం అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1948–56 మధ్య హైదరాబాద్ రాజ్యంలో తలెత్తింది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్ ఆ మార్పును రెండు విడతలుగా చూసింది. 1950లో నిజాం రాజ్యం నుంచి గణతంత్రంలోకి వచ్చిన ఈ తాలూకా, 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం నిర్ణా సర్కిల్‌ను మాత్రం వదులుకొని ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. నారాయణఖేడ్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ కూడా దానితో పాటే వచ్చాయి.

నిజాం కాలపు న్యాయవ్యవస్థను పూర్తిగా తీసిపారేయడం సరికాదు. కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేసే పని అక్కడ 1920ల తొలి ఏళ్లలోనే మొదలైంది. బ్రిటిష్ ఇండియా ఆ పని చేయలేకపోయింది. అయితే పాయిగాలనే ఉన్నత ప్రభు వంశాల ఎస్టేట్లకు, పెద్ద జాగీర్లకు, సంస్థానాలకు సొంత కోర్టులు, సొంత పోలీసులు ఉండేవి కాబట్టి, ఒక రైతుకు దక్కే న్యాయం అతని ఊరు ఎవరి ఏలుబడిలో ఉందన్న దాన్ని బట్టి మారేది. పాలకుడికి వ్యతిరేకంగా పౌరుడు నిలబెట్టుకోగల ప్రాథమిక హక్కు అనే భావనకు అందులో చోటు లేదు. కోర్టు భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయం చట్టాన్ని కూడా ఆ భాషలోనే బోధించింది. దీని జాడలు నేటి కోర్టు మాటల్లో కనిపిస్తాయి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. ఒకే మాట బోనుకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మారిన ఈ తీరు, భాషలు కలిసే చోట కక్షిదారుడు ఎంత తేలిగ్గా దారి తప్పగలడో చూపుతుంది.

హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైనిక గవర్నర్ పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న రైతులకు అవి మరణశిక్షలు విధించగా, 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు వాటిని ఖరారు చేసింది. జనార్దన్ రెడ్డి కేసుగా పేరుపొందిన ఈ వ్యవహారంలో బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. హైకోర్టు తీర్పు చెప్పిన నాటికి హైదరాబాద్ కోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు కనుక అప్పీలుకు ప్రత్యేక అనుమతి ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 1950లో తేల్చింది. పాత రాజ్యంలోని పై అప్పీలు దారి మూసుకుపోయి, కొత్త రాజ్యంలోది ఇంకా తెరుచుకోని సందులో ఆ ఖైదీలు చిక్కుకున్నారు. న్యాయవాది లేకుండా విచారణ జరిగినంత మాత్రాన అది దానంతటదే చెల్లకుండా పోదని కూడా అదే కేసులో 1951లో కోర్టు పేర్కొంది. 1953 నాటి రజాకార్ల నాయకుడు సయ్యద్ ఖాసిం రజ్వీ కేసులో ప్రత్యేక ట్రిబ్యునల్ విధానాన్ని 14వ అధికరణం, అంటే చట్టం ముందు సమానత్వం, గీటురాయి మీద పరీక్షించి, మెజారిటీ న్యాయమూర్తులు విచారణను సమర్థించారు. ఫలితం ఎలా ఉన్నా, హక్కుల భాషలో వాదించడం ఎలాగో హైదరాబాద్ వకీళ్లకు నేర్పిన తొలి పాఠశాల ఈ తీర్పులే. 1951 ఏప్రిల్ 1 నుంచి భారత క్రిమినల్, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లు రాజ్యానికి వర్తించడంతో, నడివయసు వకీళ్లు సైతం కొత్త పుస్తకాలు పట్టుకోవలసి వచ్చింది.

పేద ముద్దాయికి అడగకపోయినా న్యాయవాదిని ఇవ్వాలని, ఇవ్వకపోతే శిక్ష నిలవదని సుప్రీంకోర్టు సుక్ దాస్ కేసులో చెప్పేసరికి 1986 వచ్చింది. అదే ఏడాది లా కమిషన్ తన 117వ నివేదికను న్యాయాధికారుల శిక్షణకే కేటాయించింది. 1991లో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసు తీర్పు శిక్షణ సంస్థలు నెలకొల్పాలని ఆదేశించింది. సికింద్రాబాద్‌లోని జ్యుడీషియల్ అకాడమీ, 2002లో భోపాల్ ప్రాంగణంలో ప్రారంభమైన జాతీయ న్యాయ అకాడమీ ఈ ఆలోచనా ధారకు చెందినవే. అంతర్జాతీయ హక్కుల సూత్రాలను దేశీయ కోర్టుల్లో వాడుకోవడంపై 1988లో బెంగుళూరులో జరిగిన కామన్వెల్త్ న్యాయమూర్తుల సదస్సు, 2003లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన న్యాయమూర్తులు, ప్రాసిక్యూటర్లు, న్యాయవాదుల శిక్షణ గ్రంథం ఈ బోధనకు దన్నుగా నిలిచాయి.

అయినా తెలుగునాట హక్కుల పాఠాలు ఎక్కువగా అకాడమీల బయటే సాగాయి. 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా ఉన్న కె.జి. కన్నబిరాన్, గణితం వదిలి వకీలుగా మారిన కె. బాలగోపాల్, అరెస్టయిన మనిషి హక్కుల గురించి తెలుగులో కరదీపిక రాసిన బొజ్జా తారకం ఎందరో యువ న్యాయవాదులకు గురువులు. అకాడమీ న్యాయాధికారులకు పరిమితం. న్యాయవాది ఒకసారి సన్నదు పుచ్చుకున్నాక మళ్లీ చదువుకోవాలని నిర్బంధం లేదు. చట్టం కూడా సాయపడలేదు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రతి జిల్లాలో ఒక సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా ప్రకటించే వీలు కల్పించింది గాని, ఏ నేరాలు దాని పరిధిలోకి వస్తాయో వివరంగా చెప్పలేదు. ఏమి విచారించాలో తేలని కోర్టుకు ఎలా విచారించాలో నేర్పడం కష్టమే.

జహీరాబాద్ బార్‌కు ఈ చరిత్ర రోజువారీ పని రూపంలో ఎదురవుతుంది. కక్షిదారులు తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ మాట్లాడతారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక ప్రాంతం కోసం సాగిన భూసేకరణ పరిహారపు తగాదాలను తెచ్చిపెట్టింది. నిందితుడి అరెస్టు మెమోపై సాక్షి సంతకం ఉందా, కుటుంబానికి కబురు అందిందా అన్న ప్రశ్నలు 1996 డి.కె. బసు తీర్పుతో మొదలై, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41బి సెక్షన్‌లో చేరి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్‌గా మారాయి. 1951 ఏప్రిల్‌లో వకీళ్లు చేసినట్టే, నేటి వకీళ్లు పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసుకుంటూ కోడ్‌ను మళ్లీ మొదటి నుంచి తిరగేస్తున్నారు.