తూర్పు హైదరాబాదులో లంబాడీలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన గిరిజనుల్లో లంబాడీలు (బంజారాలు) ముఖ్యులు. ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా దేవరకొండ తండాలకు వెళ్లే సాగర్ రోడ్డు ఇక్కడి నుంచే సాగుతుంది. కరువుకు, ఫ్లోరైడ్ నీళ్లకు విసిగిన కుటుంబాలు కూలి కోసం ఈ దారినే వచ్చాయి. తర్వాతి తరం పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు వచ్చారు.

ఇప్పుడు అడ్డాకూలీలుగా కనబడేవారి తాతముత్తాతలు దక్కనుకు తిండిగింజలు మోసిన వర్తకులు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ధాన్యం, ఉప్పు మోసుకెళ్లేవని 17వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాశాడు. ఔరంగజేబు దక్కన్ దండయాత్రల్లో సైన్యాలకు గింజలు చేర్చింది వీరే. ఏ దారిన పోవాలో, సరుకు ఏ ధరకు అమ్మాలో తేల్చేది తండా నాయక్. అతనికి కుడిభుజం కారోబారి. తగవులు నసాబ్ అనే పంచాయితీలో తెగేవి. వ్యాపారం, న్యాయం, బాగోగులు అన్నీ ఒకే నాయకత్వం కింద నడిచిన వ్యవస్థ ఇది. 1739లో పుట్టిన సేవాలాల్ మహారాజును లంబాడీలు గురువుగా కొలుస్తారు.

1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం తెరుచుకున్నాక ఎద్దుల బిడారులకు పని తగ్గింది. బ్రిటిష్ ఏలుబడిలో చాలాచోట్ల నేరస్థ జాతుల చట్టం వీరిపై నేరస్థులన్న ముద్ర వేసింది. నిజాం రాజ్యంలో భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా పోరాడిన లంబాడీల్లో జాటోతు ఠానూ నాయక్ పేరు చిరస్మరణీయం.

తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. దీన్ని గోండులు, కోయలు వ్యతిరేకిస్తున్నారు. 2017లో ఆ వివాదం తీవ్రమైంది. చదువు, రిజర్వేషన్ అండతో ఉద్యోగాల్లోకి వచ్చినవారు నగరంలో సంఘాలు కట్టారు. 2023 ఆగస్టులో ఎల్బీ నగర్ పోలీస్ స్టేషన్‌లో ఒక లంబాడీ మహిళను కొట్టారన్న ఆరోపణపై గిరిజన సంఘాలు రోడ్డెక్కాయి. ఇద్దరు పోలీసులు సస్పెండ్ అయ్యారు. పాత నసాబ్ చేసిన పనిలో కొంత ఇప్పుడు సంఘాలు చేస్తున్నాయి.

సంస్కృతిని నిలబెట్టింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని అమ్మాయిలు చిన్న బుట్టల్లో ఎరువు కలిపిన మట్టి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. ఒక వేడుకలో నానిన శనగలను రేగుముళ్లకు గుచ్చాలి. వరసైన కుర్రాళ్లు కొమ్మ ఊపి ఆటపట్టిస్తుంటే, ముళ్లు దిగినా అమ్మాయిలు గుచ్చుతూనే ఉంటారు. చివరిరోజు మొలకలను నీటిలో కలుపుతారు. అద్దాలు, గవ్వలు కుట్టిన కాంచళి (రవిక), ఫేటియా (లంగా) కట్టడం ఇప్పుడు పండగలకే పరిమితమవుతోంది. ఆ కుట్టుపనికి నగరంలో సరైన అంగడి దొరికితే అది వారి చేతికే తిరిగొచ్చిన వ్యాపారం అవుతుంది.

వీరి భాష గోర్ బోలికి సొంత లిపి లేదు. భగవద్గీతను తెలుగు లిపిలో ఆ భాషలోకి తెచ్చిన కేతావత్ సోమ్‌లాల్‌కు 2024లో పద్మశ్రీ దక్కింది. తీజ్ పాటలు, పెళ్లిపాటలు మాత్రం చాలావరకు ముసలి తల్లుల నోళ్లలోనే ఉన్నాయి. కాలనీల్లో చదువుకున్న మనవలు, మనవరాళ్లు వాటిని ఇప్పుడే రికార్డు చేసి రాసిపెట్టాలి.