కృష్ణాతీరమున వసంతపరిహాసములు

క్రీ. శ. 1790లో వెలువడిన 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటమున కర్నల్ పియర్స్ అను ఆంగ్ల సైనికాధికారి వ్రాసిన చిన్న వ్యాసమొకటి కలదు. రెండు హిందూ పండుగలను గూర్చి ఆయన 1785లో వ్రాసినది ఆయన మరణానంతరము అచ్చయినది. హోలీ దినములలో హిందువులు ఒకరినొకరు లేనిపోని పనుల మీద పంపి, పోయినవారు వట్టిచేతులతో తిరిగి రాగా చూచి నవ్వుకొందురనియు, ఇంగ్లండులో ఏప్రిల్ మొదటి తేదీన జరుగు వేడుకయు ఇట్టిదే యనియు ఆయన గుర్తించెను. బెంగాలు నవాబైన సిరాజుద్దౌలా తాను ముసల్మానైనను ఇట్లు జనులను వెర్రివాండ్రను చేయుటయందు మిక్కిలి మక్కువ కలవాడనియు తెలిపెను. తరువాతి ఆంగ్ల గ్రంథకర్తలు ఈ నాలుగు మాటలను ఒకరి పుస్తకము నుండి మరొకరు ఎత్తి వ్రాసికొనిరి. 'ఏప్రిల్ ఫూల్' అనునది మన హోలీ నుండి పుట్టినదను వాదము ఇట్లు వ్యాపించినది. మన మూలమునకు గౌరవము కలిగించు మాట యగుటచే మనవారును దానిని అంతగా పరీక్షింపలేదు.

పరీక్షించినచో ఈ వాదము కాలగణనము నొద్దనే కుంటుపడును. ఏప్రిల్ మొదటి తేదీన యజమాని యొకడు సేవకుని పనికిమాలిన పనులపై త్రిప్పుట ఫ్లాండర్స్ కవియైన ఎడ్వర్డ్ డి డేనె 1561లో వ్రాసిన పద్యమునకు వస్తువైనది. ఈస్టిండియా కంపెనీ ఏర్పడినది 1600లో. ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినది 1611లో. కనుక కంపెనీవారు మన పండుగను చూచి స్వదేశమునకు గొనిపోయిరనుట పొసగదు. అంతకంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. పియర్స్ చూచినది ఉత్తరదేశపు ఆచారము. దానిని హిందూదేశమంతటికిని అన్వయించుట ఎంతవరకు న్యాయము?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పూర్వమీమాంసయందు హోలాకాధికరణమని ప్రసిద్ధమైన చర్చ యొకటి ఉన్నది. హోలాకము ప్రాచ్యుల ఆచారము. అది ప్రాచ్యులకు మాత్రమే విహితమా, అందరికిని చెల్లునా యని శబరస్వామి భాష్యమున విచారణ సాగినది. ఆచారము దేశమును బట్టి బద్ధము కాదు, ఎల్లరకును వర్తించును అని సిద్ధాంతము. ధర్మనిర్ణయమునకు అది సరిపోవును గాని చరిత్రకారునికి పూర్వపక్షమే ఎక్కువ ఉపకరించును. ఆ పండుగ తూర్పుదేశమువారి సొత్తుగా అందరికిని తెలిసియుండెనని ఆ పూర్వపక్షమే సాక్ష్యమిచ్చుచున్నది. తెలుగునాటను నేటికిని ఈ భేదము కనబడును. తెలంగాణమున కాముని పున్నమ పల్లెపల్లెకు చెందిన పండుగ. పిల్లలు జాజిరి ఆడుచు ఇల్లిల్లు తిరుగుదురు. కాముని దహనమునకు కట్టెలు, పిడకలు అడిగి తెచ్చినవి కొన్ని, అడుగక తెచ్చినవి కొన్ని. కృష్ణాడెల్టా పల్లెలలో ఇది ఆ స్థాయిలో వేళ్ళూనలేదు. విజయవాడ పాతపట్టణమున హోలీ రంగులు ప్రధానముగ రాజస్థాన, గుజరాతముల నుండి వచ్చి స్థిరపడిన వర్తక కుటుంబముల వెంట వచ్చినవి.

అట్లని కృష్ణాతీరమున వసంతపరిహాసము లేదనరాదు. అది వేరొక రూపమున ఉన్నది. దాని జాడ ముందుగా ఒక మాటలో దొరకును.

సంస్కృతమున వసంతమనగా ఋతువు. తెలుగున అదియే కాక, పసుపును సున్నమును కలిపిన ఎఱ్ఱని నీరును వసంతమే. బందరులో కొంతకాలము ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను తన నిఘంటువున (1852) ఈ రెండవ అర్థమునకును చోటిచ్చెను. వసంతమాడుట, వసంతములు చల్లుకొనుట అని మనము నిత్యము వినుచున్నాము. కాలవాచకము ద్రవ్యవాచకమైనది. ఇది చిన్న మార్పు కాదు. ఋతువు రెండు నెలలకు ముగియును. కడవలోని నీరు ఎప్పుడు కావలసిన అప్పుడు కలుపుకొనవచ్చును. పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది, రెండును కలిసినచో పుట్టునది ఎఱుపు. ఆ నీటిలోనే ఒక చిన్న మోసమున్నది. వధూవరుల పైననైనను, ఉత్సవమూర్తి పల్లకి వెంట నడచువారి పైననైనను అది చల్లబడిన క్షణమున అచటికి వసంతము వచ్చినట్లే. అనగా తెలుగువారు పరిహాసమునకు అనుమతిని తిథికి కట్టివేయక చెంబులో పోసి చేతికిచ్చిరి.

ఈ మార్పునకు వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. హాలుని పేర నున్న గాథాసప్తశతిలో ఫాల్గుణోత్సవమున ఒకరిపై నొకరు బురద చల్లుకొనుట కనబడును. అది పల్లెవారి వేడుక, ఖర్చు లేనిది. వాత్స్యాయనుడు పేర్కొన్న క్రీడల పట్టికలో మదనోత్సవము, హోలాకము వేరువేరుగా ఉండుట గమనింపదగినది. ఏడవ శతాబ్దమున శ్రీహర్షుడు రత్నావళీ నాటికను వసంతోత్సవముతో ఆరంభించెను. అందలి విదూషకుని పేరే వసంతకుడు. మూడవ అంకమున సాగరికకు రాణి వేషము వేయించి రాజునొద్దకు చేర్చవలెనని పన్నిన ఉపాయము వెల్లడియై, రాణియే స్వయముగ వచ్చుటచే రాజు చిక్కువడును. నాలుగవ అంకమున ఐంద్రజాలికుడు అంతఃపురము తగులబడినట్లు భ్రాంతి కల్పించును. రంగునీళ్ళతో మొదలైన నాటిక మారువేషముగ నడచి, లేని మంటతో ముగింపునకు వచ్చుచున్నది. వసంతమునకును వంచనకును గల ఈ చుట్టరికమును నాటకలక్షణములను మాత్రమే చూచు విమర్శకులు తగినంత గుర్తింపలేదని నా అభిప్రాయము.

కృష్ణకు దక్షిణమున కొండవీటి రెడ్ల కాలమునకు వచ్చునప్పటికి ఈ ఉత్సవము రాజవైభవమైనది. కుమారగిరి రెడ్డి (1386–1402) 'కర్పూర వసంతరాయ' బిరుదు వహించెను. ఆయన వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. సాతవాహనుల కాలపు పల్లెలో బురద, కొండవీటిలో సముద్రముపై వచ్చిన కర్పూరము! రాజు కర్పూరము చల్లినప్పుడు పైబడినవాడు ధన్యుడనని తలవంచవలసినదే కాని తిరిగి చల్లుటకు చెయ్యెత్తలేడు. సిరాజుద్దౌలా వినోదమును ఇట్టిదే. ఎదుటివానికి బదులు తీర్చుకొను హక్కు లేనిచోట పరిహాసము అధికారమునకు మరొక పేరు. ఆచారములను వర్ణించునప్పుడు మనము ఈ విషయమును దాచరాదు. పల్లెలలో సైతము ఆ హక్కు అందరికిని సమముగ నుండలేదు. పాలేరుపై ఆసామి చల్లిన నీరును, బావపై మరదలు చల్లిన నీరును ఒక్కటి కావు.

మరదలి మాట వచ్చినది కనుక వరసలను గూర్చి చెప్పవలెను. డెల్టా గృహములలో మేలమాడుటకు అర్హత నిచ్చునది వరస. బావ, మరదలు, వదిన, మరది, బావమరది – వీరి నడుమ ఎంత ఎకసెక్కెమైనను చెల్లును. అత్త–అల్లుడు, మామ–కోడలు వరసలలో చెల్లదు. మేనరికపు సంబంధము కలుపుకొనుటకు వీలున్న ఇండ్ల నడుమనే ఈ స్వేచ్ఛ విస్తరించినది. క్రొత్త అల్లుని పీటక్రింద అప్పడములు పరచుట, గారెలో దూది పెట్టుట, చెప్పులు దాచి కట్నమడుగుట మున్నగునవి అందరెరిగినవే.

ఇవి మాఘము మొదలు వైశాఖము వరకు దట్టముగ జరుగుటకు ముహూర్తములే కాక వ్యవసాయమును కారణము. 1852–55 నడుమ విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. 1957 నుండి దానికి బదులు ప్రకాశం బ్యారేజి నిలిచినది. కాలువ నీటితో వరిసాగు స్థిరపడిన పిదప పల్లెల సంవత్సరము కాలువను బట్టి నడచినది. సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరును. ఫాల్గుణమునకు మినుము చేతికి వచ్చును. అటుపిమ్మట కాలువలు కట్టివేయుదురు. చేతిలో కొంత డబ్బు, చేయుటకు పని లేమి, ఆడుకొనుటకు ఎండిన కాలువ – పరిహాసమునకు ఇంతకంటె అనువైన కాలమేది?

మంగళగిరి నృసింహస్వామికి ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు జరిగి పూర్ణిమకు రథము సాగును. తిరునాళ్ళతోడనే ఆటగాండ్రును వత్తురు. వీరిలో పగటివేషగాండ్రు మన విషయమునకు ముఖ్యులు. కూచిపూడి భాగవతులు రాత్రి కలాపములతోపాటు పగటివేషములకును ప్రసిద్ధులు. పఠాను, ఎరుకలసాని, సోమయాజులు–సోమిదేవమ్మ మున్నగు వేషములతో వీరు తెరయు దీపమును లేక నట్టవీధిలో నడచివత్తురు. చూచువాడు మొదట నిజమని నమ్మవలెను, అదియే విద్య. కోతలరాయుడైన పిట్టలదొర మాత్రము ఇందుకు విలోమము. అతడు చెప్పునది అబద్ధమని మొదటి మాటకే తెలియును, అయినను వినుటకు జనులు నిలుతురు. వేషగాడు ఊరివారిని మోసగించి, తరువాత ఆ ఊరివారి యెదుటనే నిలిచి సంభావన పుచ్చుకొనును. మోసపోయినవాడు మోసము బాగున్నదని డబ్బిచ్చుట ఇచటనే చూతుము.

దేవాలయమునకును ఈ వేడుక ఎక్కినది. తీరాంధ్రపు వైష్ణవక్షేత్రములలో దొంగలదోపు ఉత్సవము తిరుమంగై ఆళ్వారు దారిదోపిడి కథను అనుసరించి జరుగును. దీని విశేషరూపము డెల్టాకు దూరమైన సింహాచలమున, చైత్రమాసపు కల్యాణోత్సవములలో ఉన్నది. స్వామివారి ఉంగరము పోయినదని ఆలయవర్గమువారు ప్రకటించి, వచ్చిన భక్తులనే అనుమానించి, త్రాళ్ళతో బంధించి విచారణ జరుపుదురు. ఎరుగనివాడు కాసేపు నిజముగనే వణకును. తుదకు ఉంగరము దొరకును, నవ్వులు పుట్టును. సొమ్ము పోగొట్టుకొన్నవాడు దేవుడు; అనుమానము అధికారి మీదికైనను కూలివాని మీదికైనను పోవచ్చును. కొండవీటి కర్పూరమున లోపించిన సమత్వము ఇచట ఒక పూటకైనను సమకూడినది.

ఏప్రిల్ మొదటి తేదీ మన దేశమునకు ఆంగ్లవిద్య వెంట వచ్చియుండవలెను. మచిలీపట్టణమున నోబుల్ పాఠశాల వెలసినది 1843లో. అట్టి బడుల ద్వారా ఇంగ్లీషు తేదీలతోపాటు వానికి అంటుకొన్న అలవాట్లును వచ్చుట సహజము. 1991లో 'ఏప్రిల్ 1 విడుదల' అను తెలుగు చలనచిత్రము వచ్చునప్పటికి ఆ తేదీ పేరు విన్నంతనే నవ్వు పుట్టునంతగ మనకది అలవడినది. కాని ఇందు వరస లేదు, చెంబు లేదు. చొక్కా వెనుక సిరా చుక్క పడినవానికి తనపై ఎవడు చల్లెనో తెలియదు. నేడు సెల్‌ఫోనులో వచ్చు బూటకపు వార్తకు ఆ తేదీ అవసరమును లేదు.

నా వివాహము డెల్టాలోని ఒక పల్లెలో వైశాఖమున జరిగినది. గారెలో దూది పెట్టుదురని గ్రంథములలో చదివి, స్నేహితులకు చెప్పి నవ్వినవాడనే గనుక, మొదటి గారెను విరిచి చూచితిని, ఏమియు లేదు. రెండవదానిని నిశ్చింతగ కొరికితిని. పంక్తియంతయు నవ్వినది. సాయంకాలము వసంతములాడునప్పుడు మా చిన్న బావమరది తనకుతానే వచ్చి నా యెదుట నిలిచి, చెంబు నా చేతికిచ్చి, కండ్లు మూసికొనెను.